గవర్నరుగారు భోజనాల దగ్గర అన్న మాట

అమెరికాలో ఎక్కడో మొక్కజొన్న పండే రాష్ట్రానికి గవర్నరైన పెద్దమనిషి ఒకాయన, రెండువేల ఆరులో, సింగపూర్లో హౌగాంగ్‌లోని మా ఫ్లాట్‌లో మూడో కాపురం పెట్టాడు. మొదటి కాపురం మాది, అంటే నాదీ మా ఆయన మధుసూదనరావుదీ. రెండోది అబ్దుల్ ఖాదిర్, సలీమాలది. వాళ్ళకొక కూతురు, లుబ్నా. మగవాళ్ళిద్దరిదీ ఒకటే కంపెనీ, ఒకటే ప్రాజెక్టు. అద్దె చెరి సగం. వంటింట్లో పొయ్యిలు మాత్రం రెండు. సలీమాకు హలాల్ మాంసం కావాలి, మా ఆయనకు శనివారం ఒక నియమం, కార్తీకంలో ఇంకో నియమం. ఎవరి గిన్నెలు వాళ్ళవి, ఎవరి ఉప్పుకారాలు వాళ్ళవి. అలాగని కూర గిన్నె అటు నుంచి ఇటు రాని రోజు ఉండేది కాదు.

మూడో కాపురం గవర్నర్ ట్రావర్స్‌గారిది. ఆయన అద్దె కట్టడు, అన్నం తినడు. పొద్దున్న కాఫీతో మా ఆయన నోట్లో దూరి, రాత్రి మజ్జిగన్నం దాకా బయటికి వచ్చేవాడు కాదు.

"ట్రాక్టర్లు అమ్ముకునే మనిషి సుచిత్రా! కాలేజీ మొహం ఎరగడు. ఆదివారం చర్చిలో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ, ఎమ్మెల్యే అయ్యి, గవర్నరయ్యాడు. అదీ నాయకుడంటే!" అనేవాడు, అక్కడికి ఆయన్ని బడిలో వేసింది తానే అయినట్టు.

కోర్టు ముందు దేవుడి ఆజ్ఞలు చెక్కిన రాతిపలక పెట్టిస్తే అక్కడ పెద్ద గొడవైందట. "పలక తియ్యను, కావాలంటే నన్ను తీసెయ్యండి" అన్నాడట గవర్నరు. మరణశిక్ష పడిన ఒక ఆడమనిషి ప్రాణభిక్ష అడిగితే, కాదని చెప్పి ఆ రోజే చేపలు పట్టుకోవడానికి వెళ్ళాడని పత్రికలు దుమ్మెత్తిపోశాయి. దానికీ మా ఆయన దగ్గర సమాధానం ఉంది. "కాదనేశాక ఇంట్లో కూర్చుని ఏడవాలా ఏంటి?" బీదలకిచ్చే తిండి కార్డుల్లో దొంగవన్నీ ఏరేసి ఆ డబ్బుతో పన్నులు తగ్గిస్తానని, నవంబరు ఎన్నికల్లో రెండోసారి నిలబడుతున్నాడు. ఆ దొంగ కార్డులు ఏరే ప్రోగ్రాం రాస్తున్నది మా ఆయన జట్టు. ప్రేమకు అసలు కారణం అదీ.

"మన ఉద్యోగాలు పరాయి దేశాలకు పోనివ్వను అని ప్రతి సభలోనూ అరుస్తున్నాడుగా, మరి మీరెవరు?" అని ఒకసారి అడిగాను.

"ఆయన అమెరికా కంపెనీకే ఇచ్చాడు. వాళ్ళు మాకిచ్చారు. అందులో ఆయన తప్పేముంది?" అన్నాడు. కంప్యూటర్లో గవర్నరు ఉపన్యాసాలు పెట్టుకొని వింటూ, మధ్యమధ్య ఆపి, "ఇప్పుడేమన్నాడు?" అని నన్నే అడిగేవాడు. ఆ యాస మా ఆయనకు సగమే పట్టేది. నేను సెంగ్‌కాంగ్‌లో ఒక ట్యూషన్ సెంటర్లో పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. మిగతా సగం నేను విప్పి చెప్పేదాన్ని.

ఇక ఆ ప్రోగ్రాం సంగతి. మా మామగారు తణుకులో రేషన్ డీలరు. ఒకే డోరు నంబరు మీద రెండు కార్డులుంటే అందులో ఒకటి బోగస్ అన్నది ఆ ఇంట్లో పిల్లలకు పాలతో పట్టించిన సత్యం. మా ఆయన అదే సత్యాన్ని మూటగట్టి అమెరికా పంపాడు. ఒక అడ్రసు, ఒక కార్డు. మిగతావి కొట్టివేత. గవర్నరు మనుషులు దాన్ని చూసి ఎగిరి గంతేశారు. ఒక్క దెబ్బకు అన్ని దొంగ కార్డులు దొరుకుతాయని వాళ్ళు కలలో కూడా అనుకోలేదు.

అభ్యంతరం చెప్పింది ఖాదిర్ ఒక్కడే. రాసినదాన్ని పరీక్ష చేసి సరేననడం అతని ఉద్యోగం. ఒక సాయంత్రం మా హాల్లోనే కూర్చుని అడిగాడు.

"మధు భాయ్, ఒక్క అడ్రస్ మీద ముసలోళ్లు బోలెడుమందున్నరు. అందరి ఇంటిపేర్లు వేరే వేరే. అది లాడ్జి లెక్క కొడ్తుంది నాకు. గదికొకరు ఉండి, ఎవరిది వాళ్లు వండుకుంటున్నరేమో. అందర్ల ఒక్కరికే కార్డు ఉంచితే మిగిలినోళ్లు ఏం తినాలె?"

"రేషన్ షాపులో పుట్టి పెరిగినవాడికి నువ్వు చెబుతావేంటి ఖాదిర్? అలాంటి ముసలాళ్ళ పేర్లు పెట్టే మావూళ్ళో సగం బియ్యం మింగేశారు."

"మనమే ఉన్నం గద భాయ్. ఒక్క అడ్రస్, రెండు పొయ్యిలు. మనల దొంగ ఎవరు?"

వంటింట్లోంచి సలీమా నవ్వింది, నేనూ నవ్వాను. మా ఆయన నవ్వలేదు. "సరేలే, గవర్నరుగారే వస్తున్నారుగా, ఆయన్నే అడుగుదాం" అన్నాడు.

గవర్నరు ఆగస్టులో వచ్చాడు. తన రాష్ట్రంలో ఫ్యాక్టరీలు పెట్టమని ఇక్కడి కంపెనీలను బతిమాలుకోవడానికి వచ్చాడు కానీ, ఒక రాత్రి భోజనం మా వాళ్ళ కంపెనీ ఖాతాలో పడింది. పెద్ద హోటలు, గుండ్రటి బల్లలు, భార్యలతో సహా రమ్మన్నారు. సలీమా లేత ఆకుపచ్చ దుపట్టా వేసుకుంది, నేను నా పెళ్ళిలో పెట్టిన కంచిపట్టు కట్టుకున్నాను. మా నలుగురినీ ఆయన బల్ల దగ్గరే కూర్చోబెట్టారు. మా ఆయనకు కాళ్ళు నేల మీద ఆనలేదు.

నిజం చెప్పొద్దూ, మనిషి బాగానే ఉన్నాడు. వెండిజుట్టు, రైతు చేతులు. కూర్చోగానే కళ్ళు మూసుకొని ప్రార్థన చేశాడు. మెడకు గుడ్డ కట్టుకొని, చిల్లీ క్రాబ్‌ని చేత్తో విరుచుకొని తిన్నాడు. నా పేరడిగి, రెండుసార్లు పలికి, మూడోసారి సరిగ్గా అన్నాడు. ఇక్కడ నా పేరును అంత శ్రద్ధగా పలికిన తెల్లవాడు నాకింకొకడు తగల్లేదు.

ఖాదిర్ చెయ్యి తుడుచుకొని, ఎంతో మర్యాదగా అడిగాడు. ఒకే ఇంట్లో రెండు మూడు కుటుంబాలు వేరుగా వండుకుంటూ ఉంటే, ఈ ప్రోగ్రాం వాళ్ళ కార్డులు కొట్టేస్తుంది సార్, అలాంటివాళ్ళు మీ దగ్గర ఉన్నారా అని.

గవర్నరు పీత కాలు పళ్ళెంలో పెట్టాడు. "బాబూ, మా రాష్ట్రంలో ఒక కప్పు కింద ఉన్నవాళ్ళంతా ఒక కుటుంబం. మా అమ్మ నన్నలాగే పెంచింది. దాన్ని ముట్టుకోకు. ఎలా ఉందో అలాగే వదిలెయ్" అన్నాడు.

"మేం రెండు కుటుంబాలం సార్, ఒక్క ఫ్లాట్‌లో. రెండు పొయ్యిలు."

గవర్నరు నన్నూ సలీమానీ మార్చి మార్చి చూసి, బల్ల కదిలేలా నవ్వాడు. "అయితే ఈ ఆడవాళ్ళకు చెప్పు, ఒక పొయ్యి ఆర్పెయ్యమని. గ్యాసు మిగులుతుంది."

బల్లంతా నవ్వింది. ఆయన అన్నది ప్రతి ముక్కా నాకు వినబడింది. ఆయనకూ నాకూ మధ్య కూర్చున్నది మా ఆయన ఒక్కడే. ఇంటికొచ్చే దారిలో ట్రైనులో మా ఆయన కూడా నన్నేమీ విప్పి చెప్పమనలేదు. ఈసారి ఆయనకూ అంతా అర్థమైంది.

"విన్నావుగా ఖాదిర్? దొరగారే చెప్పాక ఇంకా నసుగుడేంటి. పాస్ చేసెయ్" అన్నాడు.

ఖాదిర్ మర్నాడు పాస్ చేశాడు. గవర్నరుతో చెయ్యి కలుపుతున్న ఫోటో వారంలో వచ్చింది. మా ఆయన దాన్ని ఫ్రేము కట్టించి, వెంకటేశ్వరస్వామి పక్కనే మేకు కొట్టి తగిలించాడు.

అక్టోబరు వచ్చేసరికి పొగ కమ్మేసింది. పక్క దేశంలో అడవులు తగలబడితే ఆ పొగంతా మా మీదకు వచ్చింది. ఎదురు బ్లాకు కనబడేది కాదు, పగలే లైట్లు వేసుకునేవాళ్ళం. కిటికీలు మూసేసి, రెండు పొయ్యిల వాసనలూ మేమే పీల్చుకుంటూ కూర్చున్నాం. లుబ్నా ఆరో క్లాసు పెద్ద పరీక్షలు రాసింది ఆ పొగలోనే. ఆ ఫలితాన్ని బట్టే ఇక్కడ హైస్కూలు దొరుకుతుంది. ఇంగ్లీషు వ్యాసాలు నేనే దిద్ది పెట్టాను. ఆఖరి పరీక్ష రాసి వచ్చి, బ్యాగు విసిరేసి, "ఫినిష్ ఆల్రెడీ ఆంటీ! సో ఈజీ, లా!" అని ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో అరిచి నన్ను చుట్టేసుకుంది.

అదే రోజుల్లో అక్కడ ఒక ముసలావిడ ఫోటో పత్రికలో పడింది. పాత లాడ్జిలో ఒక గదిలో ఉంటుందట. కార్డు ఆగిపోయింది. తెరిచి ఉన్న ఖాళీ ఫ్రిజ్ ముందు కుర్చీ వేసుకొని కూర్చుంది. అంతే ఫోటో. ఆవిడ ఉన్న లాడ్జిలో ఒక్కరి కార్డు ఉంచి, మిగిలిన అందరివీ కొట్టేశారని తేలింది. తర్వాత అలాంటి ఇళ్ళు ఊరూరా బయటపడ్డాయి. ఆపైన ఆ పని చేసింది సింగపూర్లో అని బయటపడింది. ఎన్నికలు ముంచుకొస్తున్నాయి. పరాయి దేశాలకు పని పోనివ్వనన్న మనిషి ఎదుటివాళ్ళ చేతికి అడ్డంగా దొరికిపోయాడు.

ఆ శనివారం పొద్దున్న మా హాల్లో ఫోను మోగింది. ఖాదిర్ కూతుర్ని తీసుకొని బెడోక్‌లో ఎవరో బంధువుల ఇంటికి వెళ్ళాడు. సలీమా వంటింట్లో ఉల్లిపాయలు వేయిస్తోంది. నేను బట్టలు మడత పెడుతున్నాను. మా ఆయన ఫోన్‌ను స్పీకర్లో పెట్టాడు, కాగితం మీద రాసుకోవడానికి చెయ్యి ఖాళీగా ఉండాలని.

ముందు మాట్లాడింది అమెరికాలో ఉండే వాళ్ళ పెద్ద మేనేజరు, సుధాకరరావు. "మధూ, గవర్నరు ఆఫీసతను లైన్లోకి వస్తున్నాడు. వాళ్ళకో పేరు కావాలయ్యా. కంపెనీ పేరు కాదు, మనిషి పేరు. కంపెనీ జోలికి రామన్నారు, ప్రాజెక్టు మనకే ఉంచుతామన్నారు. చూసుకొని చెప్పు."

గవర్నరు ఆఫీసతను వచ్చాడు. మెత్తటి గొంతు. ఈ నియమం ఎవరు రాశారు అని అడిగాడు. జట్టంతా కలిసి రాశామన్నాడు మా ఆయన. గవర్నరుగారికి ఈ విషయం ఎవరైనా చెప్పారా అని అడిగాడు. మా ఆయన గోడ మీది ఫోటో వైపు చూసి, నీళ్ళు నమిలి, అలాంటిదేమీ గుర్తులేదన్నాడు. నా చేతిలో బట్ట చేతిలోనే ఉండిపోయింది.

"మరి దీన్ని సరేనని వదిలిందెవరు?"

మా ఆయన వంటింటి గుమ్మం వైపు చూశాడు. ఉల్లిపాయలు చిటపటమంటున్నాయి.

"టెస్టింగ్ చేసింది మిస్టర్ అబ్దుల్ ఖాదిర్."

అవతల కాగితాల చప్పుడైంది. తర్వాత ఆ గొంతు, అడగని మిఠాయి చేతిలో పెట్టినట్టు, "ఆ పేరు ఇంకోసారి చెబుతారా? ఒక్కో అక్షరం చెప్పండి, రాసుకుంటాను" అంది.

మా ఆయన ఒక్కో అక్షరం చెప్పాడు. నింపాదిగా, తప్పు పోకుండా చెప్పాడు. థాంక్యూ అని కూడా చెప్పి పెట్టేశాడు.

"ఆ పేరెందుకిచ్చారు?" అన్నాను.

"అడిగారు, చెప్పాను. అబద్ధమాడానా? పాస్ చేసింది వాడు కాదా?"

"రాసింది మీరు. వదిలెయ్యమన్నది ఆయన."

"నీకు తెలియదు సుచిత్రా. ఇవి ఆఫీసు సంగతులు."

నాకు ఒళ్ళు మండిపోయింది. విసురుగా వంటింట్లోకి వెళ్ళాను. సలీమాకు నేను చెప్పాల్సిందేమీ మిగల్లేదు. ఫ్లాట్ ఎంతని, ఒక మూల అన్న మాట ఇంకో మూల వినబడకపోవడానికి. ఉల్లిపాయలు నల్లగా మాడిపోయాయి. పొయ్యి ఆర్పేసి గోడకు ఆనుకొని నిలబడింది. "అక్కా, ఆయనకు నేనే చెప్త. నువ్వు చెప్పకు" అంది.

వారం తిరగకుండా ఆ వీడియో వచ్చింది. ఆఫీసులో ఎవరో పంపితే ఖాదిరే పెట్టి చూపించాడు. మొక్కజొన్న చేను పక్కన ట్రాక్టరెక్కి నిలబడ్డాడు గవర్నరు. ఎదురుగా ఇసకేస్తే రాలనంత జనం.

"మీ అమ్మమ్మ పళ్ళెంలో అన్నం లాక్కున్నది నేను కాదు. నన్నూ మోసం చేశారు. అది చేసినవాడు సింగపూర్లో కూర్చున్నాడు. వాడి పేరు తెలుసుకోవాలనుందా?" అని ఆగాడు. "అబ్దుల్!"

జనం ఈలలేసి, బూ అని అరిచారు. అరుపులు సద్దుమణగనిచ్చి మళ్ళీ అన్నాడు. మళ్ళీ అరిచారు. మూడోసారి చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు, ఆయన అనక్కర్లేకుండా జనమే అన్నారు. బల్ల కదిలేలా నవ్విన నవ్వే అక్కడా నవ్వాడు.

లుబ్నా మా వెనక నిలబడి చూస్తోందని ఎవరమూ గమనించలేదు. "దట్స్ మై అబ్బా నేమ్. వై దట్ అంకుల్ స్కోల్డ్ అబ్బా? హీ డోంట్ ఈవెన్ నో అబ్బా!" అంది. సలీమా దాన్ని లోపలికి తీసుకుపోయింది.

ఖాదిర్ కంప్యూటరు మూసి, సోఫాలో ఉన్న మా ఆయన ఎదురుగా కూర్చున్నాడు.

"పేరు నువ్విచ్చినవని సలీమా చెప్పింది. నేను నమ్మలే. అడుగుదామని ఊకున్న."

"టెస్టింగ్ నువ్వేగా ఖాదిర్..."

"నేనే. కాదన్ననా? మరి గవర్నర్ ఏమన్నడో అది చెప్పలేదా?"

"ఆయన పేరెత్తితే ప్రాజెక్టు ఉంటుందా? మనందరం రోడ్డున పడతాం."

"మనందరం అంటున్నవ్ భాయ్. రోడ్డు మీద నేనొక్కణ్ణే ఉన్న గద."

కంపెనీ అతన్ని అప్పటికే తీసేసింది. ఉద్యోగం పోతే వర్క్ పాస్ పోతుంది, పాస్ పోతే ఈ దేశంలో ఉండనివ్వరు. సలీమాను పీడిస్తున్నది అది కూడా కాదు. ఉద్యోగం ఇంకోచోట వెతుక్కోవచ్చు. హైదరాబాదులో అయినా, ఇంకెక్కడైనా, ఈ పనులన్నీ అమెరికావాళ్ళవే. అక్కడి పత్రికలు పూర్తి పేరు వేశాయి, కంప్యూటర్లో ఆ పేరు కొట్టి చూస్తే ముందు ఆ ట్రాక్టరూ, ఆ జనమూ వస్తారు. "బతికున్నంతకాలం ఇది చూస్తరు అక్కా. మా లుబ్నా పెళ్లికి కూడా చూస్తరు" అంది.

నేను ఊరుకోలేకపోయాను. ముసలావిడ గురించి రాసిన పత్రికామె పేరు పట్టుకొని ఈమెయిలు పెట్టాను. ఆ రాత్రి బల్ల దగ్గర నేనున్నాను, నా చెవులతో విన్నాను అని రాశాను. ఆమె వెంటనే ఫోన్ చేసింది. చాలాసేపు చక్కగా మాట్లాడుకున్నాం. నేను చెప్పినదంతా రాసుకుంది. "అబ్దుల్ చెబితే తప్పించుకోవడానికి చెబుతున్నాడంటారు. మీరు అతని ఇంట్లోనే ఉంటున్నారు, మీ మాటా నమ్మరు. మీ భర్త ఈ ప్రాజెక్టు పెద్ద. ఆయన ఒక్క మాట అవునంటే ఎన్నికల ముందే వేస్తాను. పేరు కూడా వెయ్యను, అక్కడున్న ఒకరు అంటాను. ఆయనతో మాట్లాడించగలరా?" అంది.

రెండు రోజులు మా ఆయన చెవిలో పోరాను. సలీమా వచ్చి ఆయన ముందు నిలబడింది. ఆమె ఎప్పుడూ ఆయనతో ఎదురుగా నిలబడి మాట్లాడి ఎరగదు. "అన్నా, ఎవర్నీ తిట్టకున్రి. మీ కంపెనీ పేరు కూడా తియ్యకున్రి. ఆయన వదిలెయ్యమన్నడు అన్న ఒక్క మాట చెప్పున్రి" అంది. మా ఆయన ఆమె వైపు చూడకుండానే చివరికి "సరే, చెబుతాను" అన్నాడు. ఆ పూట సలీమా సేమియా చేసింది. మా ఇంట్లో మళ్ళీ ఒకరి మాట ఒకరికి వినబడేంత గట్టిగా అందరం మాట్లాడుకున్నాం. ఆ ఒక్క పూటకు నాకు మా ఆయన మీద పెళ్ళైన కొత్తలో ఉన్న ఇష్టం తిరిగి వచ్చింది.

ఫోన్ వచ్చినప్పుడు నలుగురం హాల్లోనే ఉన్నాం. ఖాదిర్ కుర్చీ అంచున కూర్చున్నాడు. అందరికీ వినబడాలని స్పీకరు నొక్కింది నేనే.

పత్రికామె తిన్నగా విషయంలోకి వచ్చింది. "ఆగస్టులో భోజనం దగ్గర, ఒక ఇంట్లో వేరువేరు కుటుంబాలుంటాయన్న సంగతి గవర్నరుకు చెప్పారనీ, దాన్ని అలాగే వదిలెయ్యమని ఆయన అన్నారనీ మీ భార్య చెప్పారు. మీరు అక్కడే ఉన్నారు. నిజమేనా?"

మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్, నా భార్య చాలా మంచిది," అన్నాడు ఇంగ్లీషులో. "కానీ ఆమెకు ఇంగ్లీషు అంతగా రాదు. మీ యాస అసలే అర్థం కాదు. గవర్నరుగారు ఆ రోజు పీతల గురించి మాట్లాడారు. వంట గురించి ఏదో జోక్ వేశారు. ఆమె దాన్ని ఇంకోలా అనుకుంది."

తల కొట్టేసినట్టయింది నాకు. ఫోన్ లాక్కున్నాను. "అది అబద్ధం. నేను ఇంగ్లీషు టీచర్ని" అన్నాను. అనడమైతే అన్నాను కానీ ఆ కోపంలో రోజూ పిల్లలకు నేర్పే మాటలు ఒక్కటీ నోటికి అందలేదు. ఒక వాక్యం సగంలో వదిలేసి ఇంకోటి ఎత్తుకున్నాను, అదీ తెగింది. జన్మలో మొదటిసారి నాకు ఇంగ్లీషు తడబడింది.

అవతల ఆమె అంతా విన్నది. విన్నాక, మొన్న నాతో గలగలా మాట్లాడిన మనిషే, చెవిటిదానితో చెప్పినట్టు, ఒక్కో మాట విడివిడిగా గట్టిగా చెప్పింది.

"ఓకే, మేడమ్. ఐ... అండర్‌స్టాండ్. థాంక్... యూ... వెరీ... మచ్."

ఫోన్ పెట్టేసింది. ఖాదిర్ లేచాడు. గది తలుపు దగ్గర ఆగి, "మీరు చెప్పిన్రు భాభీ. షుక్రియా" అని లోపలికి వెళ్ళిపోయాడు.

"నీ మంచికే అన్నాను," అన్నాడు మా ఆయన, ఇద్దరమే మిగిలాక. "పత్రికల్లో పడితే రేపు నిన్ను కూడా సభల్లో పేరు పెట్టి తిడతారు. అప్పుడు తెలిసేది నీకు."

ఆ వార్త ఎక్కడా రాలేదు. ఖాదిర్ వాళ్ళు నెలాఖరులో వెళ్ళిపోయారు, లుబ్నా ఫలితాలు రాకముందే. ఎయిర్‌పోర్టుకు వస్తానంటే సలీమా వద్దంది. టాక్సీలో సామాన్లు ఎక్కిస్తుంటే లిఫ్టు దగ్గర నా చెయ్యి పట్టుకుంది. "నీ మీద కోపం లేదక్కా. కానీ ఫోన్ చెయ్యకు. నీ గొంతు వింటే ఈ ఇల్లు యాదికొస్తది" అంది. నేను సరేనన్నాను.

తర్వాతి వారం వానలు పడి పొగ తేలిపోయింది. బుధవారం పొద్దున్న నేను ట్యూషన్‌కు బయల్దేరుతూ కుక్కరు దింపుతున్నాను. అమెరికాలో ఓట్లు లెక్కపెట్టేస్తున్నారని, మా ఆయన సెలవు పెట్టి టీవీ ముందు, కంప్యూటరు ముందు మార్చి మార్చి కూర్చున్నాడు. హాల్లోంచి ఒక్క కేక పెట్టాడు.

"సుచిత్రా! మనవాడు గెలిచాడు!"

నేను కుక్కరు దించి గట్టు మీద పెట్టాను. ఇంకోసారి కేకేసి, లేచి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది.

"వినబడలేదా? ట్రావర్స్ గెలిచాడు. ఇంగ్లీషులో కాదు, తెలుగులోనే చెబుతున్నాగా!"

"నాకు ఇంగ్లీషు రాదని మీరే చెప్పారుగా," అన్నాను. "ఇకనుంచి తెలుగు కూడా రాదనుకోండి."

హాస్యమాడుతున్నాననుకొని నవ్వాడు. కుక్కరు మూత తీసి, ఆయన అన్నం ఆయనకు పెట్టి, నేను చెప్పులేసుకొని బయటికి నడిచాను. నేను తనతో మాట్లాడిన ఆఖరి మాట అదేనని మా ఆయనకు తెలియడానికి కొన్ని వారాలు పట్టింది.